మూడు రోజులు, నాలుగు మిర్చి బజ్జీలు

నిన్న మా పాస్టరయ్యగారు వాట్సాప్‌లో ఒక ఫ్లెక్సీ నమూనా పంపారు. ఆదివారం సాయంత్రం కూడికలో, దేవుడు నాకు చేసిన మేలు గురించి నేను సాక్ష్యం చెప్పాలట. ప్రధానోపాధ్యాయురాలిగా ప్రమోషన్ వచ్చిన నెలలోనే మా సంఘానికి నా సాక్ష్యం వినాలని గుర్తొచ్చింది. ఫ్లెక్సీలో సిలువ ఒక మూలకు ఒదిగి ఉంది, నా మొహం మాత్రం ధర్మసాగర్ చెరువంత ఉంది. అదీ సరేలే అనుకుని కిందికి చూస్తే ఎర్రటి అక్షరాలు: "నలభై రోజుల ఉపవాస ప్రార్థనతో ఉద్యోగం పొందిన సహోదరి." టీ గ్లాసు పక్కన పెట్టేశాను. పన్నెండేళ్ల కిందట నేనే పుట్టించి, నేనే పూడ్చిపెట్టాననుకున్న అబద్ధం అది. ఎవరో దాన్ని భద్రంగా గుర్తుంచుకుని, రంగులద్ది మళ్లీ నాకే పంపారు. వెంటనే మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. వరంగల్ కొత్తవాడలో రేకుల ఇంట్లో ఉంటూ, పక్కింటివాళ్ల జంపఖానాల మగ్గానికి నూలు కండెలు చుట్టేది. టీచరు ఉద్యోగం పరీక్ష రెండుసార్లు తప్పి, ఊళ్లో మొహం చూపించలేక నేను ఆమె దగ్గరికి చేరాను. గోడకు ఆ పక్కన మగ్గం టకటకలాడుతుంటే ఈ పక్కన నేను మనోవిజ్ఞాన శాస్త్రం బట్టీ పట్టేదాన్ని, ఒక్క ముక్కా తలకెక్కేది కాదు. అది తెలిసి, పక్కింట్లో మగ్గం నేసే అన్న పరీక్ష నెలంతా మధ్యాహ్నం రెండు గంటలు మగ్గం ఆపేశాడు. ఆ నేత తరుగు పడకుండా పొద్దున్నే ముందుగా లేచి నేసేవాడు. ఆయన మా దేవుణ్ణి కొలిచే మనిషి కాదు, పిల్ల చదువుకుంటోందని ఆపాడు, అంతే. పరీక్షకు వారం ముందు నేను మూడు రోజుల ఉపవాసం పట్టాను. మూడో రోజు సాయంత్రం కళ్లు తిరిగి గోడకు చేరగిలబడితే, పెద్దమ్మ సందు చివరి బండి దగ్గరి నుంచి నాలుగు మిర్చి బజ్జీలు తెచ్చింది. ప్రార్థన చేసి ఉపవాసం విడవాలన్న సంగతి కూడా మరిచిపోయి మూడు తినేశాను. నాలుగోది చేతిలో పట్టుకుని ప్రార్థన చేశాను.

ఉద్యోగం వచ్చింది. మొదటిసారి మా సంఘంలో సాక్ష్యం చెప్పినప్పుడు మూడు రోజులే చెప్పాను, బజ్జీల ఊసు మాత్రం ఎత్తలేదు. తరువాత ఇళ్లలో కూడికలకు పిలవసాగారు. ఒక చోట మూడు కాస్తా ఏడైంది, జనం "స్తోత్రం" అన్నారు. ఇంకో చోట ఏడు ఇరవై ఒకటైంది, ఇంకా గట్టిగా అన్నారు. మగ్గం అన్న ఎక్కడో మధ్యలోనే జారిపోయాడు. అబద్ధమాడుతున్నానని నాకు అనిపించనే లేదు, దేవుడి మహిమ కోసమే కదా అనుకున్నాను. పరీక్ష తప్పిన రోజుల్లో తెల్లవారకముందే మోకాళ్ల మీద ఉండేదాన్ని. ఉద్యోగం వచ్చాక ఆ వేళకు సాక్ష్యానికి కట్టుకునే చీర ఇస్త్రీ చేసుకునేదాన్ని. కండెల పని వల్ల పెద్దమ్మ నాతో ఎక్కడికీ వచ్చేది కాదు, మరిపెడ కూడికలకు మాత్రం వచ్చింది.

ఆ పందిట్లో మైకు పట్టుకోగానే నా నోట నలభై వచ్చింది. కూడిక అయ్యాక, డిగ్రీ పరీక్ష తప్పిన, పీలగా ఉన్న ఒక అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, తానూ ఇవాళ్టి నుంచి నలభై రోజులు పడతానంది. ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కూడికలో అందరికీ పెట్టే ప్రేమవిందు తిని వరంగల్ బస్సెక్కాం. పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నా సాక్ష్యాన్ని మెచ్చుకుంటుందేమోనని చాలాసేపు చూశాను. తొర్రూరు వస్తుండగా నెమ్మదిగా అడిగింది.

"నలభై దినాలంటివి గదా బిడ్డా. మరి నేను తెచ్చిన బజ్జీలు ఎవలు తిన్నరు?"

నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. వినేవాళ్లకు విశ్వాసం పెరుగుతుందని, రోజుల లెక్కదేముందని ఏదో నసిగాను.

"విస్తరి ముందటికెళ్లి లేచిపోయింది ఆ పిల్ల, నేను చూసిన. ఓడినప్పుడు నువ్వు దేవుని కాళ్ల కాడ ఉంటివి, నాకు ఫికర్ లేకుండె. గెలిచినంక జర చూసుకోవాలె బిడ్డా. దిగు."

అక్కడి పాస్టరుగారికి ఫోన్ చేసి చెబుతానన్నాను. మైకులో చెప్పినదాన్ని ఫోన్లో ఎట్లా దిద్దుతావని అడిగి, సంచి భుజాన వేసుకుని తనే ముందు దిగింది. తిరుగు బస్సులో సీట్లు లేవు. మరిపెడ దాకా ఇద్దరం నిలబడే వెళ్లాం.

మేం చేరేసరికి సాయంత్రం కూడిక నడుస్తోంది. ఆ అమ్మాయి ముందు వరసలో ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. రెండు నిమిషాలు అడిగితే, సాక్ష్యం ఇంకా మిగిలిందనుకుని పాస్టరుగారు సంతోషంగా మైకు ఇచ్చారు. ఉపవాసం మూడు రోజులేనని, మూడో రోజు బజ్జీలు తిన్నానని, నా చదువు కోసం ఒక నేతన్న తన మగ్గం ఆపాడని, పొద్దున నేను అబద్ధమాడానని చెప్పాను. ఒక్కరూ స్తోత్రం అనలేదు. పందిరి వెనక గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. వేదిక దిగి వెళ్లి ఆ అమ్మాయిని క్షమించమని అడిగాను. కోపంగా చూసింది, ఏడ్చింది.

"మరి నాకెట్ల అయితదక్కా ఇగ?"

చదువు, ప్రార్థన చెయ్యి, అన్నం తిను, నాకు తెలిసింది అంతేనన్నాను. అప్పటికే పెద్దమ్మ పళ్లెంలో పులిహోర తెచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆ పిల్ల తినేదాకా లేవలేదు. ఆ అమ్మాయి తరువాత పాసయిందో లేదో నాకు తెలుసు. చెబితే అదీ ఒక సాక్ష్యమైపోతుంది కాబట్టి చెప్పను.

పెద్దమ్మ పోయి మూడేళ్లయింది. నిన్న పాస్టరయ్యగారికి ఫోన్ చేస్తే, ఫ్లెక్సీ ప్రింటుకు పోయిందన్నారు. నలభై అంటేనే జనం కదులుతారని నచ్చజెప్పబోయారు. నలభై తీసేయించండి, లేదంటే మైకు పట్టుకోగానే మొదటి మాటగా నేనే తీసేస్తానన్నాను. ఆదివారం తెల్లవారకముందే మోకాళ్లూనుతాను. సాయంత్రం దారిలో బండి దగ్గర ఆగి బజ్జీలు తిని మరీ వెళ్తాను, సాక్ష్యం చెప్పాల్సిన ప్రతిసారీ అప్పటినుంచీ అదే నా అలవాటు. ఇంకో నిజం కూడా చెప్పాలి, ఫోన్ చేయడానికి ముందు ఫ్లెక్సీలో నా మొహాన్ని రెండుసార్లు పెద్దది చేసి చూసుకున్నాను. అందుకే నా మీద నాకు నమ్మకం తక్కువ. పన్నెండేళ్లు గడిచాయి, దేవుడిస్తే ఇంకా కొన్ని గడుస్తాయి. ఆ మూడు రోజుల్ని మాత్రం పెరగనివ్వను.