నేను కొట్టేసిన అంకె

1978లో నేను మదనపల్లెలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, ఒక మైక్రోస్కోపు, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్. రక్తాన్ని గిర్రున తిప్పి పైన తేటను వేరుచేసే యంత్రం అది. ఆ తేటనే సీరం అంటాం. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. నా అంత పని తెలిసినవాడు జిల్లాలోనే లేడన్న పొగరు మాత్రం వయసుకు మించి ఉండేది.

మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గాజు గొట్టాలు ఎంత కడిగినా ఆరాక తెల్లటి పొర మిగిలేది. డిస్టిల్డ్ వాటర్ బెంగుళూరు నుంచి రావాలి, అందుకని పొదుపుగా వాడేవాళ్లం. ఆ పొర వల్ల కాల్షియం పరీక్షలో అంకె ఎక్కువ చూపించేది. ఈ సంగతి కనిపెట్టి డాక్టరుగారికి చెప్పింది నేనే. అప్పటి నుంచి కాల్షియం ఎక్కువొస్తే పట్టించుకోకపోవడం మా ల్యాబులో అలవాటైపోయింది.

ఆ ఎండాకాలంలో రెడ్డెమ్మ వచ్చింది. చౌడేపల్లె దగ్గర పల్లె, ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. భర్త పోయాక నాలుగు ఆవులను పెట్టుకుని బతుకుతోంది. తోడుగా తమ్ముడు నారాయణప్ప వచ్చాడు. ఆమెకు అప్పటికే రెండుసార్లు మూత్రంలో రాళ్లు పడ్డాయట.

"ఒళ్లంతా నొప్పులప్పా. ఎముకల్లో ఎవురో తొలస్తాండినట్టు ఉండాది. ఎన్ని నీళ్లు తాగినా దప్పిక తీరదు," అంది నేను సూది గుచ్చుతుంటే.

"ఇంత నొప్పితో పాలెట్లా పిండుతున్నావక్కా?"

"పిండకపోతే ఎట్లప్పా? అవి నా చెయ్యి తప్ప ఇంకోరి చెయ్యి పడనీవు."

రాళ్ల మాట విని డాక్టరుగారు కాల్షియం పరీక్ష కూడా రాశారు. మధ్యాహ్నానికి లెక్క తేలింది: పద్నాలుగు పాయింట్ ఆరు. మామూలుగా అయితే పదిన్నర దాటకూడదు. మళ్లీ చేద్దామంటే సీరం అయిపోయింది. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. తెల్లపొర కనబడింది. నవ్వుకుని ఆ అంకె కొట్టేశాను.

"కాల్షియం ఏమైంది?" అని డాక్టరుగారు అడిగారు.

"మన నీళ్ల మహిమ సార్. నార్మలే అనుకోండి," అన్నాను.

ఆయన నా మాట నమ్మారు. బలహీనత అనుకుని కాల్షియం మాత్రలు రాసి, రోజూ పాలు తాగమన్నారు. రెడ్డెమ్మ నాలుగు గంటల పుంగనూరు బస్సు కోసం వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఆ చీటీ నేనే తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను.

ఎనిమిది నెలల తర్వాత నారాయణప్ప ఆమెను నడిపించుకుని వచ్చాడు. కుడిచేతికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి.

"పాల బిందె ఎత్తితే చెయ్యి ఇరిగిపాయ సార్. యాడన్నా ఉండాదా ఇట్ల? మీరు చెప్పినట్టే చేసినాం. డిపోకు పోసే పాలు గూడా నిలిపేసి తాగింది," అన్నాడు.

డాక్టరుగారు ఆమె మెడ తడిమారు. గట్టిగా, రాయిలా ఒక గడ్డ తగిలింది. ఈసారి గొట్టాలను యాసిడ్‌తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు జాడించాను. రెండుసార్లు పరీక్ష చేశాను. రెండుసార్లూ పదిహేను దాటింది.

బెంగుళూరులో ఆపరేషన్ జరిగింది. అక్కడి సర్జన్ రాసిన ఉత్తరం డాక్టరుగారు నాకు చదివి వినిపించారు. థైరాయిడ్ వెనక బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగుంటాయి. వాటిని పారాథైరాయిడ్ అంటారు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసేవి అవే. ఒకటి అదుపు తప్పితే ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తుంది. చాలామందిలో అది మామూలు గడ్డే అవుతుంది. రెడ్డెమ్మకు వచ్చింది క్యాన్సర్, చాలా అరుదైనది.

"బతుకుతుందా సార్?" అని అడిగాను.

"మొదటి ఆపరేషన్ మీద చాలా ఆధారపడి ఉంటుంది. గడ్డ చిట్లకుండా చుట్టూ ఉన్న కండతో సహా తీసేశారు, మెడలోని లింఫ్ గ్రంథులకు పాకలేదు. ఇవన్నీ మంచివే. కానీ ఈ జబ్బులో మనిషిని ఎక్కువగా పొట్టనబెట్టుకునేది గడ్డ కాదు, కాల్షియం. దాంతో కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నాయి. కొన్ని నెలల ముందు దొరికుంటే..." అని ఆపేశారు. నా వైపు చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

1981లో కుప్పంలో సొంతంగా ల్యాబ్ పెట్టుకున్నాను. రెడ్డెమ్మ రెండు నెలలకోసారి బస్సులు మారి అంత దూరం వచ్చేది.

"మదనపల్లె దగ్గర గదా, ఈడిదాకా ఎందుకక్కా?" అంటే, "నీ సూది నొప్పి తెలీదప్పా. లెక్క గూడా నిజం చెప్తావు," అనేది.

నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. అంకెలు మాత్రం మామూలుగానే వస్తుండేవి. ఇంకో రెండు ఆవులను కొన్నానని కూడా ఒకసారి చెప్పింది. 1983లో ఒకరోజు పన్నెండున్నర వచ్చింది. మళ్లీ రక్తం తీసి చేశాను. అంతే వచ్చింది. గడ్డ తిరగబెట్టిందనీ, ఇంకో ఆపరేషన్‌కు ఆ కిడ్నీలు తట్టుకోలేవనీ బెంగుళూరు వాళ్లు చెప్పారు.

తర్వాతిసారి వచ్చినప్పుడు అంతా చెప్పేశాను. మొదటిరోజే పద్నాలుగు వచ్చిందనీ, గొట్టం తప్పనుకుని నేనే కొట్టేశాననీ చెప్పాను. రెడ్డెమ్మ విరిగి అతుక్కున్న తన చేతి వైపు చూసుకుంది. కోపం కనబడలేదు.

"ఆ పొద్దు నేను యాడికీ పోలేదు కదప్పా," అంది. "నాలుగు గంటల బస్సు దాకా బయట బల్ల మీదే కూసోనుంటి. ఇంకోతూరి సూది గుచ్చుంటే పోయేది కదా."

మరుసటి ఏడు వానలు పడకముందే ఆమె పోయింది. ఆవులను నారాయణప్ప తోలుకెళ్లాడని విన్నాను.

నా చేతుల్లోంచి ఎన్ని వేల గొట్టాలు పోయాయో నాకే తెలియదు. అంకె నమ్మబుద్ధి కానప్పుడు ఇప్పుడు ముందుగా గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడను. తలుపు తీసి, ఆ మనిషి ఇంకా బల్ల మీద ఉన్నాడేమో చూస్తాను. రెడ్డెమ్మ ఆ రోజు నాలుగింటిదాకా ఉంది.