చచ్చిన అంట్లు కంప్యూటర్లో బతికిన మూడు రోజులు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, ఫ్యాను చప్పుడుకి నా మాట వినపడదు. పొద్దున మా కోడలు ఫోన్లో చూస్తూ ఏ మడిలో ఎన్ని మొక్కలున్నాయో గడగడా చదువుతుంటే, మా మరిది కొన్న మొదటి కంప్యూటరు గుర్తొచ్చింది.

మావారు పోయాక కడియంలో మా నర్సరీని మరిదీ నేనూ చూసుకునేవాళ్లం. చదివింది ఐదో తరగతే అయినా, ఏ మడిలో ఏ అంటు ఎప్పుడు కట్టామో నిద్రలేపి అడిగినా చెప్పేదాన్ని. కంప్యూటరు వచ్చాక మరిది నన్ను అడగడం మానేశాడు. "ఇంక మీకా శ్రమ లేదొదినా, అన్నీ ఇందులో ఎక్కించేశాను" అన్నాడు. మంచికే అన్నాడు. నాకు మాత్రం కూర్చున్న పీట లాగేసినట్టయింది. పైగా దానికి దుమ్ము పడకుండా కప్పింది నా చీర ముక్కే.

ఆ వానాకాలం పల్లపు మడుల్లో నీళ్లు నిలిచి సపోటా అంట్లు సగం కుళ్లిపోయాయి. నేనే పీకి అవతల పారేశాను. మరిదికి చెప్పలేదు, అడగలేదు కదా. మర్నాడే సపోటా అంట్లు కావాలని బెంగళూరు నుంచి ఫోను. మరిది తెర వంక చూసి "మూడు వేలున్నాయండి, లారీ పంపించేయండి" అన్నాడు. వంటింట్లో నా చేతిలో గరిట ఆగిపోయింది. చెబుదామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి, రెండుసార్లూ వెనక్కొచ్చాను. మూడు రోజులు అన్నం సహించలేదు.

లారీ రావులపాలెం దాకా వచ్చేసిందని డ్రైవరు ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాక గానీ నాకు నోరు పెగల్లేదు. సపోటా సగం పోయిందని మరిదికి చెప్పేశాను.

"ఎందుకు చెప్పలేదొదినా?"

"నువ్వడిగావా?"

"కోపమొస్తే నన్ను నాలుగు తిట్టండి. చచ్చిన మొక్కల్ని దాస్తారా ఎవరైనా?"

మరిది స్కూటరు వెనక కూర్చుని, ఎవరి తోటలో మా అంట్ల వయసు సపోటా ఉందో చెబుతూ ఊరంతా తిప్పాను. ఎన్ని నర్సరీలు ఎక్కి దిగినా నాలుగు వందలు తక్కువే పడ్డాయి. లారీ దొరికినవాటితోనే వెళ్లింది. ఆ బెంగళూరాయన మళ్లీ ఫోను చెయ్యలేదు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం మరిది నాకు కుర్చీ వేసి, "ఇవాళ ఎన్ని పోయాయొదినా?" అని అడిగి మరీ ఎక్కించేవాడు. లేని మొక్క ఉందని మళ్లీ ఎవరికీ మాటివ్వలేదు; కొత్త బేరాలు మెల్లగా నిలబడ్డాయి. పాతికేళ్లయింది. కాలం ఎన్నిటిని మరిపించినా, నోరు మూసుకున్న ఆ మూడు రోజులు నాకింకా నిన్నటివే. మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ ఇంట్లో ఒకరినొకరు అడుగుతూ, చెప్పుకుంటూ ఉండాలి.