భట్టిప్రోలు దాటాక తెగిన కాల్

బాపట్లలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. పగలు పాప రేపల్లెలో మా ఇంట్లో అత్తయ్య దగ్గర ఉంటుంది. సాయంత్రం తెనాలిలో రైలు మారి ఇంటికి వస్తాను. భట్టిప్రోలు దాటాక పొలాల్లో ఒకచోట ఫోన్ మాట్లాడుతుంటే కాల్ తెగిపోయేది. రోజూ అక్కడే.

ఒకరోజు అక్కడే అత్తయ్య ఫోన్ చేశారు. "అమ్మాయ్, పాప గొంతులో వేరుశనగ గింజ పడింది, ఊపిరి..." అన్నారు. అంతే, తెగింది. మళ్ళీ చేస్తే కలవలేదు. రేపల్లెలో దిగి ఆటోలో ఇల్లు చేరేదాకా నేను ఏమేం ఊహించుకున్నానో ఇక్కడ రాయలేను. వెళ్ళేసరికి పాప బిస్కెట్ తింటోంది. వీపు మీద చరిస్తే గింజ బయటపడిందట.

మర్నాడు తెనాలిలో ఫోన్ కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. కదిలే ఫోన్‌ను ఒక టవర్ నుంచి పక్క టవర్‌కి అప్పగించాలి. పక్క టవర్ ఏదో మొదటిదానికి ముందే తెలిసి ఉండాలి. తెలియకపోతే పాతదాన్నే పట్టుకుని వేలాడి, చివరికి కాల్ తెగుతుంది. నేను క్లాసులో చెప్పే పాఠమే ఇది. అక్కడి ఇంజినీరుకి పాప సంగతీ, ఇదీ చెప్పాను.

"ఏంటమ్మా, వీడియోలు చూసొచ్చారా? కారులో ఆ ఏరియా అంతా తిరిగి టెస్ట్ చేశాం. మీ ఫోన్ మార్చుకోండి."

"కారు రోడ్డు మీద తిరిగిందండి. రైలు పొలాల్లోంచి పోతుంది. అక్కడ అందే టవర్ వేరు."

"పిల్లని ఇంట్లో వదిలి తిరిగేవాళ్ళకి అన్నీ అనుమానాలేనమ్మా," అని పక్కాయన వైపు చూసి నవ్వాడు.

ఆ నవ్వు మర్చిపోలేదు. మా డిపార్ట్‌మెంట్ హెడ్డుగారి చేత ఆయనకు ఆహ్వానం పంపించాను. కదిలే రైల్లో కాల్ ఎలా నిలుస్తుందో, తెనాలి నుంచి రేపల్లె వెళ్తూ ఫోన్‌లోనే మా విద్యార్థులకు వివరించమని. సంబరంగా ఒప్పుకున్నాడు. పిలిపించింది నేనని ఆయనకు తెలియదు.

ఆ రోజు క్లాసులో ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. బాగానే చెప్పాడు, కాదనను. భట్టిప్రోలు స్టేషన్ దాటిందని కూడా తనే చెప్పాడు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

"మీరు గమనించండి, రైలు ఎంత వేగంగా పోయినా కస్టమర్‌కి తెలియకుండానే మన నెట్‌వర్క్..."

నిశ్శబ్దం.

"మేడమ్, సార్ దిగిపోయారేమో," అంది వెనక బెంచీ అమ్మాయి. క్లాసంతా నవ్వింది. నేను ఆపలేదు.

కాసేపటికి ఆయనే చేశాడు. "సారీ మేడమ్, ఏదో చిన్న ప్రాబ్లమ్..."

"మీ ఫోన్ మార్చుకోండి సార్."

"మీరెవరండీ?"

"పిల్లని ఇంట్లో వదిలి తిరిగే మనిషినండి."

ఈసారి కాల్ తెగలేదు. ఆయనే పెట్టేశాడు.

ఆ తర్వాత వాళ్ళు దాన్ని సరిచేయడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక సాయంత్రం అదే పొలాల దగ్గర అత్తయ్య ఫోన్ వచ్చింది. మొదటి రింగుకే ఎత్తాను.

"ఏం లేదమ్మాయ్, పాప పెరుగన్నం తిననంటోంది. నువ్వొకసారి గదమాయించు."

గదమాయించలేదు. కిటికీలోంచి రేపల్లె కనిపించేదాకా పాపతో మాట్లాడుతూనే ఉన్నాను.

ఆయన్ని క్షమించానా అంటే, లేదు. ఆయన నంబరు ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. మళ్ళీ అక్కడ కాల్ తెగిన రోజున, ఇంకో క్లాసుకి పిలిపిస్తాను.