వీపు మీద మార్కర్ పెన్ను

క్యాన్సరని ఎడమ మూత్రపిండం తీసేసిన రెండేళ్లకు నాకు నడుము నొప్పి మొదలైంది. ముంబై పక్కన భివండీలో మరమగ్గాలు నడిపేవాడికి నడుము నొప్పి రావడం పెద్ద వార్తేమీ కాదు. నూలు చుట్టిన బరువైన బీములు ఎత్తీ ఎత్తీ మా నిజాంపురా గల్లీలో సగంమంది వంగే నడుస్తారు. అందుకని నెలరోజులు బామ్ రాసుకుంటూ గడిపాను. చెప్పులు తొడుక్కోవడానికి కూడా వంగలేని రోజున నా భార్య నన్నడక్కుండానే ఆటో పిలిచింది.

ముంబై ఆసుపత్రిలో స్కాన్ తీశారు. అప్పటి మూత్రపిండం క్యాన్సరే వెన్నుపూసకు పాకిందన్నారు. ఒక్కచోటే ఉంది, పదిసార్లు రేడియేషన్ ఇస్తాం, నొప్పి తగ్గుతుంది, ఆ తర్వాత చూద్దాం అంది డాక్టరమ్మ. నా భార్య రైల్వే స్టేషన్ దాకా నాకంటే ముందు నడిచింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె ముందు నడవడం అదే మొదలు.

మొదటిరోజు నా వీపు మీద ఊదారంగు సిరాతో మూడు కూడిక గుర్తులు పెట్టారు. కిరణాలు సరిగ్గా అక్కడే పడాలట. "చాచా, ఇవి చెరిగిపోవద్దు. అక్కడ నీళ్లు తగలొద్దు" అని మిషన్ నడిపే కుర్రాడు హిందీలో గట్టిగా చెప్పాడు. నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి బయటికెళ్లి తలుపేసుకున్నాడు. మిషన్ గుయ్‌మంది. నాకు నొప్పేమీ తెలియలేదు. అతను తిరిగి రాగానే, "బాబూ, కుడివైపు బేరింగ్ అరుస్తోంది, నూనె వేయించు" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. మగ్గాలవాడి చెవి సంగతి పాపం అతనికేం తెలుసు!

అది మే నెల. కార్ఖానా పక్కనే మా ఇల్లు. అయిదోరోజుకు చెమటకు గుర్తులు సగం చెరిగిపోయాయి. నా భార్య చూసి గుండె బాదుకుంది.

"అయ్యో, గీత పోయిందయ్యా! ఇప్పుడెట్ల? కిరణం వేరే తావుల పడితె?"

"రేపు ఆ పిలగానికి చెప్తె మళ్ల గీస్తడు తియ్యే."

"వాడు తిడతడు. జర సేపు అటు మల్లు."

బట్ట తాన్ల మీద నంబర్లు రాసే మార్కర్ పెన్ను తెచ్చింది. బట్ట ఉతికినా పోని సిరా అది. నాకు వీపు కనిపించదు, ఆమెకేమో పాత గీతలు సగమే కనిపిస్తున్నాయి. మొత్తానికి మూడు గుర్తులూ దిట్టంగా గీసింది. అందంగా ఉండాలని కాబోలు, మధ్యదాన్ని కొంచెం పెద్దది చేసింది.

మర్నాడు కుర్రాడు నా చొక్కా ఎత్తి కొయ్యబారిపోయాడు. స్కేలు పెట్టి కొలిచాడు. అంగుళం తేడా. "ఇదెవరు గీశారు?" అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ వచ్చి ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టింది. ఆ రోజు కిరణాలు లేవు. మళ్లీ కొలిచి, ఆకుపచ్చ సిరాతో కొత్త గుర్తులు పెట్టారు. మార్కర్ గుర్తుల పక్కన అవి చూస్తే నా వీపు పార్సిల్ మూటలా ఉందని కుర్రాడే నవ్వాడు.

ఈలోగా గల్లీలో నా పేరు వేరేరకంగా మోగింది. పక్కింటి వదినె గుమ్మం దాటకుండానే నా భార్యను అడిగింది: "అన్న ఒంట్ల కరెంట్ ఎక్కించిన్రంట గదా. చీకట్ల మెరుస్తడా?"

"నిన్న లైట్లు పోయినప్పుడు చూసిన వదినె. ఏం మెరుస్తలేడు. దీపం నేనే ముట్టించుకున్న."

పదిసార్లూ పూర్తయ్యాక కూడా నొప్పి వెంటనే పోలేదు. మూడు వారాలు పట్టింది. ఒకరోజు పొద్దున నేనే వంగి చెప్పులు తొడుక్కున్నాను. నా భార్య చూసి కూడా చూడనట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. బీములు మాత్రం జన్మలో ముట్టొద్దన్నారు.

మూడు నెలలకోసారి స్కాన్. వెన్నులో మచ్చ పెరగలేదు, కొత్తది రాలేదు. తర్వాత ఆరు నెలలకోసారి పిలిచారు. నాలుగో ఏడు డాక్టరమ్మ ఫిల్ములు చూసి, "ఇక ఏడాదికి ఒకసారి రండి చాలు" అంది.

నా భార్య తన భివండీ హిందీలో అడిగింది: "ఏడాదికి రమ్మన్నరంటే, ఏడాదిదాక ఈయన ఉంటడని గ్యారంటీ ఇచ్చినట్టేనా?"

"గ్యారంటీ నాకే లేదమ్మా" అంది డాక్టరమ్మ. అని, తనే నవ్వేసింది.

భివండీలో ధామన్కర్ నాకా దగ్గర బస్సు దిగాం. ఆటో ఎక్కబోతూ నా భార్య ఉన్నట్టుండి రోడ్డు మీదే ఏడ్చేసింది. నాలుగేళ్లుగా ఆపుకున్నదంతా అప్పుడే వచ్చింది. ఆటోవాడు నావైపు కోపంగా చూసి, "ఏంటి చాచా, ఈ వయసులో కూడా భార్యను ఏడిపిస్తావా?" అని హిందీలో దులిపాడు.

తప్పు నాదేనన్నట్టు తల వంచుకుని ఆమె పక్కన కూర్చున్నాను.