మిషిగన్ సిటీ లైట్‌హౌస్ దగ్గర పెళ్లిచూపులు

పెళ్లిచూపులకు వెళ్లినవాడు లైట్‌హౌస్ గురించి రాస్తున్నాడేమిటని నవ్వకండి. రెండింటికీ ఒకటే రైలు.

1981 అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం షికాగోలోని రాండాల్ఫ్ స్ట్రీట్ స్టేషన్లో కరెంటు రైలు ఎక్కాను. వెళ్లేవాళ్లు ఎడమవైపు కిటికీ పట్టాలి. మిషిగన్ సరస్సు, ఉక్కు కర్మాగారాలు, ఇసుక దిబ్బలు అన్నీ అటే. మిషిగన్ సిటీ చేరగానే రైలు నడివీధిలో, కార్ల పక్కనే పోసాగింది. నేను లేచి నిలబడితే పక్క సీటు పెద్దావిడ, "కూర్చో బాబూ, రైలు దారి తప్పలేదు" అని నవ్వింది.

అమ్మాయి బావ డాక్టరు. ఆయనే స్టేషనుకు కారు తెచ్చారు. అమ్మాయి పేరు వసంత. అక్కాబావల దగ్గర ఉంటూ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తోంది. ఉప్మా, కాఫీ అయ్యాక డాక్టరు గారు, "ఇక్కడ కూర్చుంటే మేమే మాట్లాడతాం. మీరిద్దరూ వెళ్లి లైట్‌హౌస్ ముట్టుకుని రండి" అన్నారు. ఫొటో చూసినప్పుడే నాకు వసంత నచ్చింది. ఆమె ఏమంటుందోనన్నదే నా బెంగ.

కారు పార్కులో ఆపుకోవచ్చు. అక్కడినుంచి, అలలకు అడ్డంగా కట్టిన కాంక్రీటు గట్టు సరస్సులోకి పోతుంది. చివర ఎర్ర కప్పు తెల్ల ఇల్లు, దాని నెత్తిన ఎనిమిది పలకల బురుజు. గట్టు పొడవునా తలకంటే ఎత్తులో ఇనుప వంతెన ఉంది. తుఫానుల్లో దీపం చూసుకునేవాళ్లు దానిమీద నడిచేవారు. ఇప్పుడు దీపం దానంతటదే వెలుగుతుంది.

పాత లైట్‌హౌస్ ఒడ్డునే ఉంది, ప్రస్తుతం మ్యూజియం. దాని దీపపు అద్దాన్నే తర్వాత ఈ బురుజులోకి మార్చారు. ఇంతవరకు నేను లైబ్రరీలో చదివి వచ్చాను. చదవనిది వసంత చెప్పింది.

"పూర్వం ఒకావిడ గట్టు చివర దీపం వెలిగించేదట. పంది కొవ్వు నూనె ఇంట్లో కాచి మోసుకెళ్లేది. చలికి దార్లోనే గడ్డకట్టేదట."

"అప్పుడు?"

"వెనక్కొచ్చి మళ్లీ కాచడమే. మన నెయ్యి లాగే కదా!"

సగం దాటాక నేను ఆగాను. ఎండ కాస్తోంది, వాన జాడ లేదు. అయినా ముందున్న కాంక్రీటు నల్లగా తడిసి ఉంది. అంటే అలలు గట్టు దాటుతున్నాయి. సరస్సే కదా, చెరువంత ఉంటుందిలే అనుకుని ఎవరూ రాకూడదు. దీని అవతలి ఒడ్డు కనబడదు.

"ఇక వెనక్కి పోదాం" అన్నాను.

"ఇంత దూరం వచ్చి? బావ ముట్టుకుని రమ్మన్నాడుగా! భయమా?"

ఈ జవాబుతో సంబంధం తప్పిపోవచ్చు. అయినా చెప్పాను. "భయమే. తడిసిన చోటికి అల మళ్లీ వస్తుంది."

ఆమె వెనక్కి తిరిగి నాకంటే ముందు నడిచింది. వాళ్లింట్లో పప్పుచారు బాగుందనే అందరూ అన్నారు. నేను మాత్రం నా జవాబే తలుచుకుంటూ తిన్నాను.

సాయంత్రం స్టేషనుకు వసంతే దింపింది. వీధి చివర రైలు కనబడుతుండగా అంది, "మీకంటే ముందు ఇద్దరొచ్చారు. ఇద్దరూ ముట్టుకునే వచ్చారు."

నా పని అయిపోయిందనుకున్నాను.

"నేను వద్దని సగంలోనే ఆగిపోయా. వాళ్లు వింటేగా! మెడదాకా తడిసొచ్చారు. బావ ప్యాంట్లు తొడిగి రైలెక్కించాం. ఇంతవరకూ తిరిగి పంపలేదు!"

రైలు వచ్చి ఆగింది.

"వచ్చే ఆదివారం గాలి లేకపోతే రండి. అప్పుడు ముట్టుకుందురుగాని."

"గాలి ఉంటే?"

"ఉన్నా రండి. ఇంట్లో కూర్చుందాం."

ఈ గట్టు మీద నడవదలచినవాళ్లు గాలి లేని రోజు చూసుకోండి. తడి కనబడితే అక్కడే ఆగండి. అక్కడినుంచి కూడా లైట్‌హౌస్ బాగానే కనబడుతుంది. తిరుగు రైల్లో మాత్రం కుడివైపు కిటికీ పట్టాలి. ఆ సాయంత్రం నేను ఏ వైపు కూర్చున్నానో నాకు గుర్తులేదు.