ఇప్పచెట్టు కింద పాప

కంకర బాటల్లో సైకిల్ తొక్కడం నాకు కాలేజీ రోజుల నుంచీ ఇష్టం. పోయిన ఎండాకాలం ఒక ఉదయం, రెండేళ్ల పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని భూపాలపల్లి దగ్గరి అడవి దారిలో బయల్దేరాను. మధ్యలో ఎండిపోయిన వాగు, నిండా ఇసుక. సైకిల్‌నీ పాపనూ ఒకేసారి దాటించలేక, ముందు పాపను ఎత్తుకెళ్లి అవతలి ఒడ్డున ఇప్పచెట్టు నీడలో కూర్చోబెట్టాను. రాలిన పూలతో ఆడుకుంటుందిలే అనుకున్నాను. సైకిల్ భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి పాప లేదు.

గొంతు పోయేలా అరిచాను. ఏడుస్తూ పొదలన్నీ వెతికాను. చివరికి పక్కనున్న బండ మీంచి ఒక అవ్వ పిలిచింది. పాప ఆమె ఒళ్లో ఉంది. పరుగెత్తి లాక్కున్నాను.

"నా పిల్లను ఎందుకు ఎత్తుకొచ్చినవ్? పిలిస్తే పలకవేంది?"

"ఎట్ల పలుకుత బిడ్డా? గుడ్డెలుగు గీ బండ కిందనే ఉండె. నీ అరుపులకు గిప్పుడే పోయింది. అది పూలు తిననీకొచ్చే చెట్టు కింద పిల్లను కూసోబెడ్తరా ఎవరన్న?"

చెట్టు కింద ఎలుగుబంటి అడుగులు చూపించింది.

ఇసుకెక్కడ, రాళ్లెక్కడ అని ఫోన్‌లో వెతుక్కున్న నేను, ఆ అడవిలో ఏ జంతువులు తిరుగుతాయో ఊళ్లో ఒక్కరినైనా అడగలేదు. పాపను కాపాడిన మనిషిని ముందు తిట్టాను. ఇది రాస్తూ కూడా పక్కలో పాపను తడిమి చూసుకుంటున్నాను.