లాంచీ కదలకముందే బాగుందని రాశాను

కోపం చల్లారాక రాద్దామని ఇన్నేళ్ళు ఆగాను. అది చల్లారే రకం కాదని తేలిపోయింది కాబట్టి పొగలు కక్కుతుండగానే వడ్డిస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఒక లాంచీ ఉంది, అది మునగలేదు. మునిగింది నేను. అదీ గోదావరి నడిమధ్యన, మా అత్త ముందు, లాంచీ నిండా జనం చూస్తుండగా.

మాది ఆళ్ళగడ్డ. నేను రోజూ బస్సెక్కి నంద్యాల పోయి చిన్న తరగతులకు పాఠాలు చెప్పి, మళ్ళీ బస్సెక్కి ఇంటికొచ్చేదాన్ని. ఇంట్లో మా ఆయన, పిల్లవాడు, మా అత్త మార్తమ్మ. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టి ఈ లాంచీ గొడవ నాటికి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో మా అత్త నోటి నుంచి "బాగుంది" అనే మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. క్రిస్మస్‌కు పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర మాడి బిర్యానీ చేస్తే "తినచ్చులే" అంది. జీతంలో దాచి చీర కొనిపెడితే "కట్టచ్చులే" అంది. నాకు కొడుకు పుడితే వాణ్ణి ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూసి "పెంచచ్చులే" అంది. నేను నగలడిగే కోడలిని కాదు, నాణ్యమైన చీరలడిగే కోడలిని అసలే కాదు. నాకు కావలసింది ఆ నోటి నుంచి ఒక్క "బాగుంది". దానికోసమే ఈ దరిద్రమంతా.

డెబ్భైల చివర్లో, దసరా సెలవుల్లో, మా బడి టీచర్లం కొందరం జయరావు అనే ఆయన నడిపే గోదావరి విహారయాత్రకు పోయాం. నంద్యాలలో రైలెక్కించి, మధ్యలో బస్సు మార్చి, రాజమండ్రిలో లాంచీలోకి చేర్చి, మూడు రోజులు కొండల మధ్య తిప్పి మళ్ళీ తెచ్చి దించడం ఆయన వ్యాపారం. అబ్బ, ఏం మర్యాదలండీ! మనిషికో మంచం, ఉతికిన దుప్పటి. పొద్దున్నే వేణ్ణీళ్ళు. అరిటాకు నిండా భోజనం, చేపల పులుసు చాలు చాలన్నా వదలకుండా పోసేవాళ్ళు. పైఅంతస్తులో కుర్చీలు వేసి, కూర్చున్నచోటికే కాఫీ తెచ్చిచ్చేవాళ్ళు. నేను ఆళ్ళగడ్డకు తిరిగొచ్చాక బస్టాండు నుంచి చర్చి దాకా చాటింపు వేశాను. దండోరా వేసేవాడికైనా ఇంత గొంతు ఉండదు.

అయిదేళ్ళు గడిచాక మా అత్తను ఆ యాత్రకు తీసుకుపోవాలని నాకు బుద్ధి పుట్టింది. ఆమె నంద్యాల దాటి ఎరగదు. నీళ్ళంటే ఆమెకు కె.సి. కాలువే. అంత గోదావరిని, అన్ని మర్యాదలను ఒకేసారి చూపిస్తే ఎంత బండ నోరైనా తెరుచుకోక ఏంచేస్తుంది?

"యాడికి మే, నన్ను తీసుకపోతాండేది?" అంది మా అత్త.

"గోదారి మీదికి అత్తా. పడవలోనే తిండి, పడవలోనే నిద్ర. ఒక్కసారి చూడు, నువ్వే చెప్తావు ఎట్లుందో."

"సూడచ్చులే," అంది.

నా చాటింపు పుణ్యమా అని మా వీధి వాళ్ళు పదిమంది బయల్దేరారు. పాణ్యం నుంచి మా ఆయన మేనమామ ఓబులేసు కూడా వస్తానన్నాడు. నలభై ఏళ్ళు సేద్యం చేసి నడుం పట్టేసిన మనిషి, మంచం మీద మూడు రోజులు హాయిగా పడుకోవచ్చని నేను చెప్తే నమ్మాడు. చార్జీ ఈమధ్యలో బాగా పెరిగింది. "పెరిగితే పెరిగింది, ఆ మర్యాదలకు ఎంతిచ్చినా తక్కువే," అని జయరావు తరఫున నేనే వాదించాను. ఆయన నాకు జీతమిచ్చి ఉంటే ఇంకొంచెం తక్కువ వాదించేదాన్నేమో.

రాజమండ్రి రేవులో టిఫిను మాత్రం, ఉన్నమాట చెప్పాలి, అదిరింది. పొగలొచ్చే ఇడ్లీ, పైన నెయ్యి, వేరుసెనగ పచ్చడి. నేను గర్వంగా మా అత్త వైపు చూశాను. ఆమె నాలుగో ఇడ్లీ తింటోంది. నాలుగో ఇడ్లీ అంటే మా ఇంట్లో ప్రశంసాపత్రం కింద లెక్క.

సరిగ్గా అప్పుడే జయరావు ఒక లావు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. పోయినసారి నేను నా అభిప్రాయం రాసిచ్చిన పుస్తకమే.

"టీచరమ్మా, మీరు పోయినసారి రాసింది సూసి ఎంతమంది వచ్చినారో తెల్సునా? మీ చేతిరాత ముత్యాలప్పా, ముత్యాలు!"

"అయ్యో, అదెంతండీ," అన్నాను, ఇంకోసారి అంటాడేమోనని ఎదురుచూస్తూ.

"దిగేటప్పుడు అందరిదీ తొందరమ్మా, ఎవురూ రాయరు. ఇప్పుడే రాసేస్తే సరిపాయ. వీండ్లల్లో సగం మందికి సదువు రాదు. మీరు రాసిస్తే ముద్ర ఏస్తారు."

అంటూ జేబులోంచి వేలిముద్రల సిరాడబ్బీ తీశాడు. చూశారా? విహారయాత్రలు నడిపే మనిషి సిరాడబ్బీ జేబులో పెట్టుకుని ఎందుకు తిరుగుతాడని బుద్ధి ఉన్నదానికి అనుమానం రావద్దూ? నాకు రాలేదు. మా ఊళ్ళో ఉత్తరమైనా, అర్జీ అయినా, మనిషి పోయిన కబురైనా టీచరమ్మే రాయాలి. కలం చేతికిస్తే చాలు, నేను ముందువెనకలు చూడను. దానికితోడు ముత్యాలన్నాడాయె.

జనం వరస కట్టారు. సంతకం వచ్చినవాళ్ళు కూడా "నువ్వే రాయి టీచరమ్మా, నేను గీకుతా," అన్నారు. ఇంకేం, టీచరు తలచుకుంటే పొగడ్తలకు కొదవా! ఒకళ్ళ మాట ఒకళ్ళకు రాకుండా, మనిషికో తీరుగా రాశాను. ఒకరి పేరున భోజనాన్ని మెచ్చుకున్నాను, ఒకరి పేరున శుభ్రతను, ఒకరి పేరున జయరావుగారి దొడ్డ మనసును. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సామ్యూలు అన్నట్టు, లాంచీకి ఇంకా తాడు కూడా విప్పలేదు.

చివర్న మా అత్త వంతు.

"నాది ఏం రాసినావ్ మే?"

"బాగుందని రాశాలే అత్తా."

"లాంచీ ఇంగా కదల్లేదు కదా. ఏంది బాగుండేది?"

"పొద్దుమునిగేలోగా నీకే తెలుస్తుంది."

మా అత్త నన్నోసారి, పుస్తకాన్నోసారి చూసింది. "సరే, సదువుకున్నదానివి," అని బొటనవేలు సిరాలో అద్ది నొక్కింది. ఆ ముద్ర పడిన మరుక్షణం లాంచీ కూత వేసింది. అది నన్ను చూసి నవ్విందని ఇప్పుడు అర్థమవుతోంది.

మధ్యాహ్నం భోజనం వచ్చింది. అరిటాకులు లేవు, సొట్టలు పడ్డ సత్తు పళ్ళేలు వచ్చాయి. పప్పు అని పోసిన దాంట్లో నా ముఖం కనిపించింది. చేపల పులుసు గిన్నెలో గరిటె అడుగుదాకా పోయి ఉత్త చేతులతో పైకొచ్చింది.

"చేప యాడప్పా?" అనడిగాడు ఓబులేసు మామ.

"పులుసులో దాని రుచి ఉంటాదన్నా," అన్నాడు వడ్డించేవాడు.

"కిందనే గోదారి పోతాండాది. అదీ చేపల నీళ్ళే. ముంచి పొయ్యరాదూ?"

ఊరగాయ అడిగితే దానికి వేరే దుడ్లన్నారు. వేణ్ణీళ్ళకు వేరే. మా అత్తకు కొండలు చూపిద్దామని పైకి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టానో లేదో, ఒకడు వచ్చి "కుర్చీకి చీటీ ఉందా?" అన్నాడు.

"కూచ్చునేదానికి చీటీనా?" అంది మా అత్త.

"నిలబడితే ఊరికేనే అవ్వా."

ఆమె మూడు రోజులూ నిలబడే గోదావరిని చూసింది. మంచాలు తీసేసి చాపలు వేశారు, అవీ ఇద్దరికొకటి. దుప్పట్ల సంగతి చెప్పను, మీరు అన్నం తిని చదువుతూ ఉంటారు. రెండో రోజు పొద్దున ఓబులేసు మామ లేవలేకపోతే ఇద్దరు పట్టుకుని ఎత్తి నిలబెట్టాల్సి వచ్చింది. చార్జీ చూస్తే పైపైకి, మర్యాద చూస్తే కిందకిందకి. ఈ అయిదేళ్ళలో ఆ లాంచీలో మారకుండా ఉన్నది గోదావరి ఒక్కటే, అది జయరావుది కాదు కాబట్టి.

మా అత్త ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆమె ఊరుకున్నకొద్దీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడో రోజు అందరినీ వెంటేసుకుని జయరావు ఎదుటికి పోయాను.

"ఏందండీ ఇది? మనుషులమనుకున్నారా, గొర్రెలమనుకున్నారా? తిండి లేదు, పడక లేదు, కూర్చుంటే చీటీ అడుగుతారు! మా దుడ్లు సగమన్నా ఎనక్కి ఇయ్యాల్సిందే!"

"ఇయ్యాల్సిందే!" అని అందరూ అరిచారు. ఆ నిమిషం నేను ఎలా వెలిగిపోయానో మీరు చూసి ఉండాల్సింది. బాగా చూసి ఉండాల్సింది, ఎందుకంటే అది అంతసేపే ఉంది.

జయరావు నింపాదిగా పుస్తకం తెరిచాడు.

"మీకెవురికీ బాగలేదా? మరి ఇదేందప్పా? పాణ్యం ఓబులేసు: 'లాంచీలో పరుపు మీద పడుకున్నాక ఇరవై ఏళ్ళ నడుం నొప్పి మాయమైంది. ఇంత సుఖనిద్ర నా జన్మలో ఎరుగను.'"

రెండు చేతులతో నడుం పట్టుకుని నిలబడ్డ ఓబులేసు మామ నోరు తెరిచాడు. "నేనా?"

"కింద నీ ముద్రే కదన్నా. ఇంగొగటి: 'ఇక్కడి చేపల పులుసు తిన్నాక ఇంటి వంట సహించదు.' 'కూర్చోమని బతిమాలి బతిమాలి కుర్చీలు వేస్తారు.'"

ఒక్కొక్కటీ చదువుతుంటే ఒక్కొక్క తలా నా వైపు తిరిగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కడమే కాక ఊరంతటి చేతా తొక్కించాను. ఇక ఆపండి మహాప్రభో అని నేను లోలోపల మొక్కుతుండగానే ఆయన చివరి పేజీకి వచ్చాడు.

"ఆళ్ళగడ్డ మార్తమ్మ: 'మా కోడలు నన్ను స్వర్గానికి తీసుకొచ్చింది. అంతా బాగుంది. చాలా బాగుంది. ఇలాంటి కోడలు జిల్లా మొత్తం వెతికినా దొరకదు.'"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ. నడుం పట్టుకునే ఓబులేసు మామ కూడా నవ్వాడు. సిగ్గుతో గోదావరిలో దూకుదామనిపించింది గానీ, దానికీ చీటీ అడుగుతాడేమోనని ఊరుకున్నాను.

మా అత్త మాత్రం నవ్వలేదు. "ఇది నేనన్న్యానా మే?" అని అడిగింది.

నేను తల దించుకున్నాను. బడిలో పక్కవాడిది చూసి రాస్తే పిల్లల చెవి మెలిపెట్టేదాన్ని. ఆమె అననే అనని మాట ఆమె వేలితోనే దొంగిలించాను. కోపమంతా ఎటు పోయిందో తెలియదు, ఏడుపొచ్చింది.

దుడ్లు రాలేదు. ఆళ్ళగడ్డ బస్టాండులో దిగాక మా అత్త నిలబడి అంది: "రేపట్నుంచి నాకు అచ్చరాలు నేర్పు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. చర్చిలో ఆడవాళ్ళకు చదువు చెప్తాం రమ్మంటే "దేవునికి నా ఏలు గుర్తే," అని ఏళ్ళ తరబడి ఎగ్గొట్టిన మనిషి!

"ఎందుకత్తా ఇప్పుడు?"

"నా నోట్లో ఇంగొగరు మాట పెట్టకుండా."

మర్నాటి నుంచి పలక పట్టింది. నేను వంట చేస్తుంటే పొయ్యి పక్కన కూర్చుని దిద్దేది. తప్పు దిద్దబోతే "నువ్వు రాయాకు, చూపియ్యి సాలు," అని నా చేతిని నెట్టేసేది. మరుసటి దసరా నాటికి కూడబలుక్కుని చదివేస్తోంది. అప్పుడే జయరావు కొత్త కరపత్రం మా ఊరికి వచ్చింది. అట్టహాసంగా అచ్చేసి ఉంది: ఆళ్ళగడ్డ మార్తమ్మ, స్వర్గం, బాగుంది, చాలా బాగుంది. మా అత్త దాన్ని వేలు పెట్టి మొత్తం చదివింది. నన్ను పోస్టుకార్డు తెమ్మంది. ఏం రాస్తుందో చూడనివ్వలేదు. డబ్బాలో వేసేముందు దొంగతనంగా చూశాను.

"పులుసులో చేప లేదు. చాపలో మెత్తన లేదు. నీకు సిగ్గు లేదు. ఇది నేనే రాసినా. మార్తమ్మ."

ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను గానీ, నా శిష్యుల్లో ఇంత సూటిగా రాసినవాళ్ళు ఇంకొకరు లేరు. కార్డు గుండెకు హత్తుకుని మరీ డబ్బాలో వేశాను.

ఇక నా ప్రతిజ్ఞ. ఒక కాగితం మీద పద్ధతిగా రాశాను: "రూతమ్మ అను నేను, తినకముందు విస్తరిని, ఎక్కకముందు లాంచీని పొగడను. ఎవరైనా నా చేతిరాత ముత్యాలంటే కలం దాచేస్తాను. అన్నిటికీ మించి, ఎవరి 'బాగుంది' వారినే చెప్పనిస్తాను, అది పదకొండేళ్ళు రాకపోయినా సరే." సాక్షి ఉండాలి కదాని, భోజనం దగ్గర చారు వడ్డించి ఆ కాగితం మా అత్త ముందు పెట్టాను. ఆమె చెయ్యి కడుక్కొచ్చి, ఒక్కో అక్షరమూ చదివి, కలం అడిగింది. సంతకం చేస్తుందనుకున్నాను. సంతకానికి ముందు ఏదో రాయడం మొదలుపెట్టింది. మొదటి మాట పూర్తయ్యేసరికి నేను కాగితం మీదికి వంగిపోయాను.

"బాగుంది," అని రాసింది మా అత్త, తన చేత్తో, గుండ్రంగా. రాసి, కొంచెం ఆలోచించి, పక్కనే ఇంకో ముక్క చేర్చి సంతకం పెట్టింది:

"చారే బాగలేదు."